గేర్‌బాక్స్ దించే ముందు...

మే నెలలో కర్నూలు, కడప వీధుల్లో 40 డిగ్రీలు దాటే ఎండ మనుషులనే కాదు, పాత ఆటోమేటిక్ కార్లనూ పరీక్షిస్తుంది. ఈ రెండు నగరాలనూ కలిపే 40వ నంబరు జాతీయ రహదారిపై సాఫీగా వచ్చిన బండి, ఊళ్లో ట్రాఫిక్‌లో చిక్కగానే గేరు మారనని మొరాయిస్తుంది. వెంటనే వినిపించే మాట: ‘గేర్‌బాక్స్ పోయింది, మార్చాల్సిందే!’

ఈ తొందరే జేబుకు చిల్లు పెడుతోంది.

ఆటోమేటిక్‌లన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మధ్యతరగతికి చేరువైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) నిజానికి మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ, గేరు మార్చే పనీ యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది. క్లచ్ ప్లేటు అరిగినా, బ్యాటరీ నీరసించినా, బ్రేకు స్విచ్ పాడైనా అందులో గేరు పడకపోవచ్చు. టార్క్ కన్వర్టర్ బండిది వేరే కథ. అక్కడ ఆయిలే ప్రాణం: ఒత్తిడిని అందించేదీ, వేడిని మోసుకెళ్లేదీ అదే. అది నల్లబడి మాడువాసన వేస్తే లోపలి క్లచ్‌లను అనుమానించాలి.

అందుకే వరుస ముఖ్యం. ముందు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి; అది ఆచూకీ మాత్రమే, తీర్పు కాదు. తర్వాత బ్యాటరీ వోల్టేజీ, ఆయిల్ మట్టం, లీకులు, వైరింగ్ చూడాలి. పానా పట్టాల్సింది ఆ తర్వాతే. పరీక్షకు విడిగా ఫీజు ఇవ్వడానికి యజమానులూ వెనకాడకూడదు. ఇలా పరీక్షించగల మెకానిక్‌లు తయారవ్వాలంటే, సీమలోని ఐటీఐల్లో పిల్లలకు ఈ రెండు రకాల గేర్‌బాక్స్‌లనూ విప్పి బిగించే అవకాశం ప్రభుత్వం కల్పించాలి.