నడుము కొలతయు మధుమేహమును

చక్కెర తినుటయే మధుమేహమునకు మూలమని పలువురు తలంతురు. అది అర్ధసత్యము. నడివయస్సున వచ్చు మధుమేహమున తొలుత ఇన్సులిన్ కొరవడదు. దాని ఆజ్ఞ చెల్లదు. కడుపులోను, కాలేయమునను పేరుకొనిన కొవ్వు ఆ హార్మోను పనికి అడ్డు తగులును. క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను స్రవించి స్రవించి తుదకు అలసిపోవును. అంతట రక్తమున చక్కెర పెరుగును.

సూరత్ నగరమున నవాగామ్ వంటి పేటలలో మరమగ్గములపై జీవించు తెలుగువారు, దినమెల్ల నిలిచి పనిచేయువారికి ఈ వ్యాధి రాదని నమ్మరాదు. కాలుసేతులు సన్ననివైనను బొజ్జ పెరుగవచ్చును. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించిన నడుము హెచ్చరికయే. 2002లో వెలువడిన అమెరికా పరిశోధనలో, వ్యాధి అంచుననున్నవారు మితాహారముతో బరువు తగ్గి, వారమునకు 150 నిమిషములు వ్యాయామము చేయగా, వ్యాధి కలుగుట 58 శాతము తగ్గెను.

కావున బట్టను కొలుచు టేపుతో నడుమును కొలుచుకొనుడు. కొలత మించినచో రక్తపరీక్షకు జాగు చేయకుడు.