వనభోజనములకు దిక్సూచి తోడైన

ఏటేట కార్తికమాసము సమీపించుసరికి మన యిండ్లలో వనభోజనముల మాట పుట్టును. అన్నము వండుకొని పోయి, చెట్టు నీడను భుజించి, ప్రొద్దు వ్రాలక ముందే తిరిగివచ్చుట పెద్దలనాటి వాడుక. నిజము విచారించినచో ముసలివారు, పడుచువారు, పిల్లలు, ఆడవారు అందరును ఆరుబయట ఒక్కచోట గడుపు దినము ఏడాదిలో అది యొక్కటియే. ఉగాది పంచాంగ శ్రవణమునకు పెద్దలు వత్తురు, పిల్లలు జారుకొందురు. కబడ్డీ పందెములకు పిల్లలు వత్తురు, పెద్దలు కుర్చీలలో కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. ఆడవారి వంతునకు ముగ్గుల పోటీ ఎటులును ఉండనే యున్నది. మూడు తరములవారు మూడు వేర్వేరు దినములలో కలిసికొను సంఘమును ఒక సంఘమనవలెనా, మూడు సంఘములనవలెనా? ఈ లోపమునకు తగిన మందొకటి కలదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దాని పేరు మన చెవులకు క్రొత్త. ఓరియంటీరింగు అందురు. దారి కనుగొను ఆట యని మనము చెప్పుకొనవచ్చును.

ఆట స్వరూపము సులభము. ఒక గుట్టప్రాంతమునకో అడవికో మిక్కిలి వివరముగల పటము సిద్ధము చేయుదురు. సాధారణముగా పటముపై ఒక సెంటీమీటరు నేలపై నూరు మీటర్లు. బండలు నలుపు, నీరు నీలము, ఎత్తుపల్లములు తెలుపు సమోన్నత రేఖలు గోధుమరంగు, బయలు పసుపు, నడువ శక్యముకాని పొదలు ఆకుపచ్చ. ఆ పటముపై బయలుదేరు చోట ఒక త్రికోణము, చేరవలసిన స్థలములకు వలయములు, ముగియు చోట జంట వలయము ఊదారంగున గీయుదురు. నేలపై ఆ స్థలములందు నారింజ, తెలుపు రంగుల గుడ్డతో కుట్టిన, ప్రక్కకు 30 సెంటీమీటర్లుండు మూడు పలకల గురుతులు వ్రేలాడుచుండును. పటమును, దిక్సూచిని చేతబట్టి వరుసతప్పక ఆ గురుతులన్నింటిని చూచి రావలెను. ఒక గురుతునుండి మరియొక గురుతునకు ఏ దారిన పోవలెనను నిర్ణయము ఆడువానిదే. గుట్ట నెక్కి దిగుటయా, చుట్టి పోవుటయా? ఇరువది యేండ్లవాడు ఎక్కి దిగును. అరువది యేండ్లవాడు పటము చూచి, చుట్టుదారి పట్టి, ఒక్కొక్కప్పుడు వానికంటె ముందే చేరును! ఈ యాటలో నాకు నచ్చిన సంగతి యిదియే. ఇక్కడ కాళ్ళు ఎంతయో, కన్ను, బుద్ధి అంతయే.

ఇది పుట్టినది స్వీడను, నార్వే దేశములందు. మొదట సైనికుల శిక్షణ. ప్రజలకు తెరచిన తొలి పోటీ 1897 అక్టోబరు 31న నేటి ఓస్లో నగర సమీపమున జరిగినది. పాల్గొన్నవారు ఎనమండుగురు మాత్రమే. తరువాత స్వీడనులో ఎర్నెస్టు కిలాండరు అను సైనికోద్యోగి, స్కౌటు నాయకుడు, యువకులు పరుగుపందెములపై మనసు పెట్టకుండుట చూచి, మైదానము విడిచి వారిని అడవిలోనికి పిలిచెను. 1919 మార్చిలో స్టాకుహోముకు దక్షిణమున ఆయన నడిపిన పోటీకి రెండువందలకు పైబడి వచ్చిరి. ఆటగోడపై ఒరగి నిలుచున్న కుఱ్ఱలను చూచి విసుగుకొనక, వారికి వేరొక గోదాను వెదకిన ఆయన బుద్ధి మెచ్చదగినది. మన పెద్దలు కొందరు పిల్లల నిర్లిప్తతను గూర్చి ఉపన్యసించుటతో తృప్తిచెందుదురు. 1961లో పది దేశములు కోపెన్‌హేగను నగరమున కూడి అంతర్జాతీయ సమాఖ్య నేర్పరచినవి. తొలి ప్రపంచ పోటీలు 1966లో ఫిన్లండున జరిగినవి.

అయితే పతకములతో మనకు పనిలేదు. ఆ దేశములందు ఊరూర నుండు చిన్న చిన్న క్లబ్బుల తీరు మనము గమనింపదగినది. పటము గీయువారు సభ్యులే, మార్గము వేయువారు సభ్యులే, కాఫీ కాచి రొట్టెలు పంచువారును సభ్యులే. ఒకనాడు పరుగెత్తినవాడు మరునాడు గురుతులు కట్టివచ్చును. ఇంకను చదువురాని పసివారికి కూడ ఒక మార్గముండును. చెట్టునుండి చెట్టునకు నూలుదారము కట్టుదురు, బిడ్డ ఆ దారమును పట్టుకొని గురుతునుండి గురుతునకు పోవును. దారము విడిచి పోగల వయస్సు వచ్చువరకు అది యట్లే సాగును. పెద్దలకు ముప్పదియైదవ యేటినుండి ఐదేసి యేండ్ల కొక తరగతి చొప్పున ఎనుబది దాటువరకు తరగతులు కలవు. స్వీడనున 1965నుండి వేసవిలో ఐదుదినములు జరుగు ఓ-రింగెను అను ఉత్సవమునకు పదివేలకు పైబడిన జనము కుటుంబములతో వచ్చి గుడారములు వేసికొందురు. తాత, తండ్రి, మనుమరాలు ఒకే ఉదయమున ఒకే అడవిలోనికి వేర్వేరు మార్గములపై ప్రవేశించి, మధ్యాహ్నము పటములు పరచుకొని ఎవరెక్కడ తప్పిపోయిరో చెప్పుకొని నవ్వుకొందురు. ఫిన్లండున 1949లో మొదలైన యూకొలా పందెములో ఒక్కొక్క జట్టుకు ఏడుగురు. రాత్రి బయలుదేరి ఒకరి తరువాత ఒకరు పరుగెత్తుదురు. ఆ దేశపు ప్రసిద్ధ రచయిత అలెక్సిస్ కివి నవలలోని ఏడుగురు అన్నదమ్ముల యింటిపేరే ఆ పందెమునకు పెట్టుకొన్నారు. సాహిత్యము సభామందిరము దాటి అడవిలోనికి పోయినదనుటకు ఇంతకంటె తార్కాణమేమి కావలెను? నడువలేనివారికి, చక్రపు కుర్చీలపై నుండువారికి వేరొక తరగతి కలదు. దారిప్రక్కనుండియే చూచి, పటముతో పోల్చి, కనబడు గురుతులలో సరియైనది ఏదియో చెప్పవలెను. అందు కాలికి పని లేదు.

ఇక మన తెక్కలకోట మాట. చదునైన వరిమళ్ళ నడుమ గుండ్లు పేర్చినట్లున్న ఈ నల్లని గుట్టలను మనము పుట్టినది మొదలు చూచుచున్నాము కావున అవి మనకు కనబడవు. 1963-64లో యం. ఎస్. నాగరాజరావు, కె. సి. మల్హోత్రా గారలు ఇచ్చట త్రవ్వకములు జరిపి నవీన శిలాయుగపు జనుల నివాసములను వెలికిదీసిరి. 1965లో పూనా దక్కను కళాశాల ప్రచురించిన వారి నివేదిక పేరునకు అర్థము తెక్కలకోట రాతియుగపు గుట్టవాసులని. గుండ్ల నడుమ చదును చేసిన నేలలు, గుండ్రని గుడిసెల ఆనవాళ్ళు, సమాధులు, రాగి వస్తువులు, బంగారు ఆభరణములు దొరకినవి. మాడిన ఉలవగింజలు కూడ దొరకినవి. మూడువేల యేండ్లకు పైబడిన ఆ యింటి ఉలవలు నేటికిని మన వంటింట ఉడుకుచున్నవి, కాని ఆ యిల్లు ఏ గుట్టపై నున్నదో మన బిడ్డనడిగిన ఫోనులో వెదకును. బండలపై నాటివారి బొమ్మలు కలవు. వానిని చూడవచ్చు పరదేశపు పండితులకు దారి చూపుటకు మన బడిపిల్లలలో ఎందరు తగుదురు? ఇచ్చటి భూమి ఈ యాటకు చేసి పెట్టినట్లున్నది. బండకు బండకు నడుమ సందులు, చిన్న గుహలు, ముండ్లపొదలు, ఒక్కసారిగా తెరచుకొను బయళ్ళు, ఇవియన్నియు పటమున గురుతింపదగినవే. మన ప్రాంతమున అయస్కాంతపు ఉత్తరమునకు నిజమైన ఉత్తరమునకు భేదము మిక్కిలి స్వల్పము. దిక్సూచి చూపిన దానినే నమ్మి పోవచ్చును. ఈ సౌకర్యము అనేక దేశములవారికి లేదు.

అసలు విషయము ఇప్పుడు చెప్పెదను. ప్రతి గుండునకు, ప్రతి చెలమకు, ప్రతి పాడుబావికి మన ముసలివారి నోట ఒక పేరున్నది. కొన్ని తెలుగు, కొన్ని కన్నడము, కొన్ని రెండును కలిసినవి. ఈ పేర్లు ఏ సర్కారు పటమునందును ఎక్కలేదు. సర్వే శాఖవారి యాబదివేల కొకటి పాళ్ళ పటమున ఊళ్ళు, చెరువులు, పెద్ద గుట్టలు ఉండును గాని, మేకలకాపరి చెప్పు గుండు పేరు ఉండదు. మేకలు కాచు పిల్లలు తగ్గిరి. బడికి పోవుచున్నారు, అది మంచిదే. కాని పేరు పలుకువాడు లేనిచో పేరు నిలువదు. మన భాష ఇచ్చట నిలుచునా పోవునా యని సభలలో ఎన్నియో మాటలాడుచుందుము. బడిలో తెలుగు వాచకము లేదని చింతింతుము. ఆ చింత న్యాయమే. అయితే నేలపై నాటుకొన్న తెలుగును, వాచకముతో పనిలేని తెలుగును, మన కన్నులయెదుటనే జారవిడుచుచున్నాము. దిక్కుల పేర్లే చూడుడు. ఈశాన్యము, ఆగ్నేయము, నైరుతి, వాయవ్యము అను మాటలు ఇల్లు కట్టునప్పుడు వాస్తుకొరకు తప్ప జ్ఞప్తికి వచ్చుట లేదు. గొల్లకావిడి, పిల్లలకోడి అను చుక్కలను చూపి రాత్రి వేళ చెప్పగల తాతలు ఎందరున్నారు? ఉన్నవారిని అడుగు మనుమలు ఎందరు? పన్నెండేండ్ల బిడ్డ పటము పట్టుకొని, డెబ్బదియేండ్ల తాతను ప్రక్కన నిలుపుకొని, ఈ బండ పేరేమి తాతా యని అడుగుటకు ఒక సాకు కావలెను. ఈ యాట ఆ సాకు.

పటముతో మనవారికి సంబంధము లేదని యెవరైన నన్న నేనొప్పుకొనను. 1800లో నిజామునుండి దత్తమండలములు కుంపిణీ చేతికి వచ్చిన కాలమున, ఈ దేశము సర్వే చేయించి శాసనములను, కైఫీయతులను సేకరించిన కాలిన్ మెకంజీ దొర పనికి వెన్నెముకగా నిలిచినవారు తెలుగువారైన కావలి సోదరులు. బొఱ్ఱయ్యగారు 1803లో చిన్నవయస్సుననే పరమపదించిరి. లక్ష్మయ్యగారు ఆ భారము మోసిరి. రామస్వామిగారు 1828లో కలకత్తానుండి ప్రాచీన దక్కను పటమునకు తోడుగా ఆయా పట్టణముల వర్ణనము ప్రకటించిరి. ఊరూర దిరిగి, ముసలివారి నడిగి, వ్రాసికొనుటయే వారి విద్య. మన కాలమున అది మరింత సులభమైనది. 2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము పటముల తయారీపై పూర్వపు అనుమతుల నిర్బంధమును చాలమట్టునకు సడలించినది. రక్షణ స్థావరముల వంటి వానిని విడిచి, ఒక చిన్న సంఘము తన గుట్టకు తాను పటము గీసికొనుటకు నేడు అడ్డు లేదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలను అటును, మన సిరుగుప్పను ఇటును వేరుచేసిన గీతను మనమెవ్వరము గీయలేదు. ఈ పటమునైనను మన చేతితో గీయవచ్చును గదా!

ఆక్షేపణలు లేకపోలేదు. ఎండ యొకటి. బళ్ళారి సీమ ఎండలో వేసవిని గుట్టలెక్కుమని చెప్పువాడు వివేకి కాడు. కార్తికము మొదలు మాఘము వరకు, తెల్లవారి పది గంటలలోపల ముగించవలెను. పాములు, తేళ్ళు ఉండును. కాళ్ళకు బూట్లు, పొడవు పంట్లాములు ఉండవలెను. బండసందులలో చేయి పెట్టు అవసరము ఏ గురుతునకును ఉండరాదు. వరిమడి గట్లు తొక్కరాదు, కాలువ దాటవలసిన దారి ఎన్నడును వేయరాదు. స్వీడనున ఎవరి అడవిలోనైనను నడుచు హక్కు అందరికి కలదు. ఇచ్చట అట్లు కాదు. పట్టాదారునడిగి, పంచాయతికి తెలిపి దిగవలెను. ప్రాచీన నివాసస్థలములను, బొమ్మలున్న బండలను పటమునందే నిషిద్ధ ప్రదేశములుగా గీసి దూరముగా ఉంచవలెను. సంగనకల్లు గుట్టలను రాతి క్వారీలు ఎంత చెరచినవో జిల్లావారికి తెలియును. మనము పాదములతో ఆ పని చేయరాదు. ఇంకొకటి, ఆడపిల్లలను ఒంటరిగా గుట్టకు పంపుట యెట్లని తల్లులందురు. ఒంటరిగా పంపనక్కరలేదు. జంటలుగాను, కుటుంబముగాను పోవు తరగతులు ఈ యాటలో సహజములు. అయితే పటము మాత్రము ఆ పిల్ల చేతనే ఉండవలెను. అన్న చేతికి పోరాదు. ఈ షరతు చిన్నదిగా కనబడును గాని నేను దీనిని విడువను. ఆటలో ఫోను పటము చూచుట నిషేధము. ఆ నియమమును పెద్దలకును వర్తింపజేయవలెను, వారే మొదట చూతురు!

ఖర్చు స్వల్పము. స్వీడనువారు నేడు విద్యుత్పరికరములతో రాకపోకలు లెక్కించుచున్నారు. మనకు ప్రతి గురుతు వద్ద దారముతో కట్టిన ఒక రంగు పెన్సిలు చాలును, చీటీపై గీత గీసికొని పోవుటకు. గుడ్డ మన దర్జీ కుట్టును. పటము అచ్చునకు, అరడజను దిక్సూచులకు అగు సొమ్ము ఒక సభకు తెచ్చు పూలదండల ఖర్చుకంటె ఎక్కువ కాబోదు. ఇరుగుపొరుగు కన్నడ కుటుంబములను మొదటినుండియే పిలువవలెనని నా అభిప్రాయము. గుండ్ల పేర్లలో సగము వారివి, వారిని విడిచి గీసిన పటము సగము పటమే యగును. పేర్లు రెండు లిపులలోను ఉండవలెను.

కావున సంఘ కార్యవర్గమువారికి నా మనవి ఇది. రాబోవు కార్తిక వనభోజనముల దినమున, వంట అగులోపల రెండు గంటలు ఈ యాటకు కేటాయింపుడు. ఎనిమిది గురుతులు, ఒక దారపు మార్గము, అంతే. దానికి ముందు వర్షకాలములో ఆదివారము ఉదయములు పటపు పని జరుగవలెను. పటము గీయుటకు చేయి తిరిగిన పిల్లలు ఇద్దరు ముగ్గురు దొరకకపోరు. గుట్టల పేర్లెరిగిన పెద్దలు తమకు తెలిసిన పేర్లను, అవి యెచ్చటివో, ఎందుకట్లు వచ్చినవో, ఒక కాగితముపై వ్రాయించి కార్యదర్శిగారికి అందజేయుదురు గాక. వ్రాయలేనివారి యింటికి పిల్లలే వత్తురు.