పది గంటలు, డెబ్బై గంటలు, మన ఇంటి సాయంత్రాలు

2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభలో ఫ్యాక్టరీల చట్ట సవరణ బిల్లు పాసైంది. రోజుకు 12 గంటల దాకా పని చేయించుకోవడానికి దారి ఇచ్చే బిల్లు అది. మిత్రపక్షాలే సభ నుండి బయటికి నడిచాయి, కార్మిక సంఘాలు మండిపడ్డాయి. మూడు రోజులకే ప్రభుత్వం దాన్ని ఆపింది. మే 1న, చెన్నైలో సింగారవేలరు మొదటి మే డే జరిపి సరిగ్గా నూరేళ్ళు నిండిన రోజున, వెనక్కి తీసుకున్నామని ముఖ్యమంత్రి స్టాలిన్ చెప్పారు. మిల్లు జీతంతో నడిచే ఇళ్ళు ఇన్ని ఉన్న మన రాజపాళయంలో ఆ పది రోజులూ టీ కొట్ల దగ్గర ఇదే మాట.

ఆ గొడవ అంతటితో తీరిందనుకున్నాం. రెండేళ్ళకు అది మన పూర్వీకులు వదిలి వచ్చిన నేల మీద తేలింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిని 9 గంటల నుండి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. ఇంతకు ముందు 5 గంటల పనికి ఒకసారి విరామం ఇవ్వాలి, దాన్ని 6 గంటలు చేశారు. మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న ఓవర్‌టైమ్ హద్దు 144కి పోయింది. జూలై 5న తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలంటూ ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంటుందని, దాటితే ఓవర్‌టైమ్ కట్టాలని అందులో ఉంది. నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. వాటిలో రోజు పని 8 గంటలే, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం, దానికి పనివాడి సమ్మతి కావాలి. విరామాలు, రోజు మొత్తం విస్తీర్ణం వంటి వివరాలు ప్రభుత్వాలు రాసే నియమాల్లో తేలాలి. కాబట్టి ఈ వ్యవహారం ఇంకా ముగియలేదు.

ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క పెద్ద కంపెనీల పెద్దల ఉపదేశాలు. యువకులు వారానికి 70 గంటలు పని చేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 90 గంటలు కావాలన్నట్టు, ఆదివారం కూడా పనికి పిలవలేకపోతున్నందుకు విచారమన్నట్టు ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాట్లాడిన వీడియో 2025 జనవరిలో బయటికి వచ్చింది. మాలో చాలామందిమి గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం కనుక లెక్క వేయకుండా ఉండలేం. 70ని ఆరు రోజులకు పంచితే రోజుకు 11 గంటల 40 నిమిషాలు. 90ని ఏడు రోజులకూ పంచినా రోజుకు దాదాపు 13 గంటలు. ఇందులో బస్సులో పోయే పొద్దు లేదు.

ఈ మాటలకు జవాబుగా వచ్చే సలహాలు మనకు తెలిసినవే. యోగా చేయండి, నడవండి, రాత్రి ఫోను పక్కన పెట్టండి. తప్పు లేదు, మేమూ నడుస్తాం. అయితే ఈ సలహాలన్నీ ఒకే భారాన్ని పనిచేసేవాడి నెత్తినే పెడతాయి: పనీ నువ్వే బాగా చేయాలి, ఒళ్ళూ నువ్వే కాపాడుకోవాలి, రెంటికీ పొద్దు నువ్వే వెతుక్కోవాలి. మిల్లుల ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వింతగా తోస్తుంది. మన తాతలకు సాయంత్రం దక్కింది వాళ్ళ మనోనిగ్రహం వల్ల కాదు, మిల్లు సంగు ఊదడం వల్ల. సంగు వెనక చట్టం ఉంది.

ఆ చట్టం ఒక్క రోజులో రాలేదు. 1911 చట్టంలో నూలు మిల్లులో మగవాడి రోజు పని 12 గంటలు. 1922లో 11 గంటలు, వారానికి 60. 1934లో 10 గంటలు, వారానికి 54. పి.ఏ.సి. రామసామి రాజా గారు 1936లో రాజపాళయం మిల్స్ ప్రారంభించినప్పుడు దేశంలో ఉన్న హద్దు అదే. 1946లో 9 గంటలు, 48 అయింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని నిలబెట్టి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి కట్టాలంది. అంటే ఆంధ్రలో ఇప్పుడు మాట్లాడుతున్న రోజుకు 10 గంటలు మన ఊళ్ళో మొదటి మిల్లు నాటి అంకె. వారం హద్దు 48గానే ఉందన్నది నిజం. కానీ రోజు అంకె తొంభై ఏళ్ళు వెనక్కి పోయిందన్నదీ నిజమే.

ఇంకొక సంగతి మన పిల్లలకు తెలియదు. ఆ చట్టం అమలుకు వచ్చింది 1949 ఏప్రిల్ 1న. ఐదు రోజులకు, ఏప్రిల్ 6న, మద్రాసు ప్రీమియర్ పదవి చేపట్టింది మన ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు. చట్టం ఢిల్లీది. కానీ దాన్ని మన రాష్ట్రంలో నడిపించే ఫ్యాక్టరీల నియమాలు 1950లో, ఆయన పాలనలో వచ్చాయి. మిల్లు గోడ మీద పని గంటల నోటీసు ఎక్కడ అంటించాలి, రిజిస్టరు ఎలా రాయాలి అన్నదంతా అలాంటి నియమాల వల్లనే. నోటీసు బోర్డును చిన్నచూపు చూడకండి. దాని మీద గంటలు రాసి ఉంటేనే ఎవరైనా వేలు పెట్టి చూపించగలరు.

గంటలు పెంచితే పని పెరుగుతుందా అన్నది కూడా పాత ప్రశ్నే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 1915లో మందుగుండు కార్ఖానాల పనివాళ్ళ ఆరోగ్యం చూడడానికి ఒక కమిటీ వేసింది. ఆ లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మళ్ళీ తీసి 2014లో ప్రచురించారు. వారానికి 49 గంటల దాకా గంటలతో పాటు సరుకు పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల తగ్గుతూ పోయింది. 70 గంటలు చేసినప్పటి సరుకుకూ 56 గంటలు చేసినప్పటి సరుకుకూ పెద్ద తేడా లేదు. ఆదివారం సెలవు తీసేస్తే వారం మొత్తం సరుకు దెబ్బ తినింది. యుద్ధకాలం, దేశం కోసం ప్రాణం పెట్టి చేసిన పని, అయినా అంతే. ఇక ఒంటి సంగతి. వారానికి 55 గంటలు గానీ అంతకు మించి గానీ పని చేసేవారికి, 35 నుండి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి.

మిల్లు యజమానుల మాట కూడా వినాలి. వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. ప్రత్తి ధర, కరెంటు బిల్లు, 2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం సుంకం, ఇవేవీ కల్పితం కాదు. కానీ స్పిన్నింగ్ మిల్లులో కదురు ఇప్పటికే రాత్రింబగళ్ళు తిరుగుతోంది. మూడు ఎనిమిదులు ఇరవైనాలుగు, రెండు పన్నెండులూ ఇరవైనాలుగే. నూలు పెరగదు. నాలుగు రోజులు 12 గంటలు, మూడు రోజులు సెలవు అని 2023లో చెప్పిన మాట ఉన్నదున్నట్టు పాటిస్తే మనుషుల లెక్కా మారదు. పాటించకుండా మిగతా రోజులను ఓవర్‌టైమ్ పేరుతో నింపితే మూడో షిఫ్టు మనుషులు అక్కర్లేదు. బిల్లు బలమంతా ఆ 'పాటిస్తే' అన్న మాట మీదే ఉంది.

పనివాడు కూడా ఓటీ అడిగి తీసుకుంటాడు, అది నిజం. అడిగేది మోజుతో కాదు, నెల జీతంతో కూతురి కాలేజీ ఫీజు గట్టెక్కక. అలాంటివాడికి 'సమ్మతి' అన్న మాట కోడ్‌లో ఉన్నంత మాత్రాన చేతికి వచ్చేదేమీ లేదు.

సంగు లేని పనులు ఇంకా కష్టం. 2024 జూలైలో పుణెలో 26 ఏళ్ళ చార్టర్డ్ అకౌంటెంటు, కేరళ అమ్మాయి, ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే చనిపోయింది. పని భారమే కారణమని ఆమె తల్లి కంపెనీ అధిపతికి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. తర్వాత కార్మిక శాఖ వాళ్ళు చూస్తే, పని గంటలకు హద్దు పెట్టే దుకాణాలు, సంస్థల చట్టం కింద ఆ ఆఫీసు 2007 నుండి రిజిస్టరే కాలేదని తేలినట్టు పత్రికల్లో వచ్చింది. తమిళనాడులోనూ 1947 నుండి అలాంటి చట్టం ఉంది, రోజుకు 8 గంటలు, వారానికి 48. బట్టల కొట్లో అమ్మాయిలు కూర్చోవడానికి స్టూలు వేయాలని 2021లో అదే చట్టాన్ని సవరించారు. స్టూలు వేయడానికి చట్టం కావలసి వచ్చింది, చూడండి.

గంటల లెక్క బొత్తిగా లేని పని బడిపిల్లలది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ళ బెంగాలీ అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు, 100 మంది గానీ అంతకు మించి గానీ ఉంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. తగిన చట్టం వచ్చేదాకా ఇవే అమలు. మన ఊరి నుండి పిల్లలను కోచింగుకు పంపే ముందు ఫీజు అడిగినట్టే ఇవీ అడగవచ్చు. మనసు బాగాలేని పిల్లలకు 14416 అనే ప్రభుత్వ ఉచిత నంబరు రాత్రీ పగలూ పని చేస్తుంది.

పెరిగిన గంట ఎక్కడి నుండి వస్తుంది? ఎక్కువగా ఇంటి నుండే. 2024 కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. ఇంటిపని మీద దాదాపు ఐదు గంటలు పెట్టే మనిషికి ఆఫీసులో పదో గంట అంటే నిద్రలోంచే తీయాలి.

మనలాంటి ఇళ్ళకు ఇంకొక నష్టం ఉంది, అది ఏ సర్వేలోనూ రాదు. మనకు తెలుగు బడిలో రాలేదు. బడి తమిళం, ఆఫీసు ఇంగ్లీషు. విజయనగర రోజుల నుండి ఇన్ని తరాలు మన మాట నిలిచింది రాత్రి అన్నాల వేళ, అవ్వ దగ్గర, అరుగు మీద. అమ్మానాన్నలు ఇద్దరూ ఎనిమిదింటికి అలిసి ఇల్లు చేరి, పిల్లవాడు ట్యూషన్ నుండి తొమ్మిదింటికి వస్తే, ముగ్గురికీ మిగిలేది 'తిన్నావా, పడుకో' అన్న రెండు మాటలు. ఆ రెండూ తెలుగులోనే అంటారు, సంతోషం. కానీ రెండు మాటలతో ఏ భాషా బతకదు. ఇంట్లో తెలుగు తగ్గిందని పెద్దలు కోడళ్ళను తప్పు పడుతుంటారు. మేము ముందు గడియారాన్ని తప్పు పడతాం.

అందుకే మా సంఘం కమిటీలో రెండు నిర్ణయాలు జరిగాయి. కొత్త కోడ్‌ల కింద రాష్ట్ర నియమాల్లో వారానికి ఒక పూర్తి సెలవు, విరామం, ఓటీ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలని కార్మిక శాఖకు విన్నపం రాస్తున్నాం. తెలుగు, తమిళం రెండింటిలోనూ ప్రతులు సంఘం గదిలో ఉంటాయి, మిల్లు పనివాళ్ళూ ఆఫీసు పిల్లలూ యజమానులూ ఎవరైనా చదివి సంతకం పెట్టవచ్చు. రెండోది, ఆదివారం పొద్దున జరిగే తెలుగు తరగతిని వచ్చే నెల నుండి సాయంత్రం నాలుగింటికి మారుస్తున్నాం. రాత్రి షిఫ్టు దిగిన తండ్రి అప్పటికి నిద్ర లేచి ఉంటాడు, పిల్లవాణ్ణి తనే తీసుకురావచ్చు.