మనసుంటే మానొచ్చట!

పోయిన నెల ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర మా పెదనాన్న తీర్పు చెప్పేశాడు. "మనసుంటే మానొచ్చురా. మగాడికి ఒక్క మాట చాలు. ఈ మీటింగులేంటి, పదిమందిలో కూర్చుని నేను తాగుబోతునని చెప్పుకోవడమేంటి?" బంతిలో ఉన్నవాళ్లంతా తలలూపారు. అలా ఊపినవాళ్లలో నలుగురు రాత్రికి మేడ మీద సీసా చుట్టూ చేరారు, అది వేరే సంగతి. పెదనాన్న మానేసిన మాట నిజమే. షుగరు ముదిరి, ఇక కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు బెదిరించాక మానేశాడు. దాన్నే మనసంటారని నాకు తెలియలేదు.

ఆయన ఆ మాటన్నది మా బావ వింటుండగా. నా కోపమంతా అందుకే.

బావకు మనసు లేదా? అక్క తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. పిల్లాడి మీద ఒట్టేశాడు. తిరుపతిలో గుండు కొట్టించుకున్నాడు. రెండుసార్లు అయ్యప్ప మాల వేశాడు. మాల వేసుకున్నంత కాలం చుక్క ముట్టలేదు. కార్తీక మాసపు చలిలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, నేల మీద పడక, నలభై ఒక్క రోజులు. పట్టుదల లేనివాడు చేసే పనులా ఇవి? ఇంట్లో అందరూ "మారిపోయాడు" అని మురిసిపోయారు. మాల తీసిన మూడోరోజు వైన్ షాపు దగ్గర దొరికాడు.

అప్పుడు ఎవరూ ఆలోచించని ముక్క ఒకటుంది. ఆ నలభై ఒక్క రోజులూ బావ ఒంటరిగా లేడు. పక్కన గురుస్వామి ఉన్నాడు. రోజూ సాయంత్రం భజన ఉంది. కనబడ్డ ప్రతివాడూ "స్వామీ" అని పిలిచాడు. తాగమని అడిగే ధైర్యం ఎవడికీ లేదు. నలభై రెండోరోజున ఆ గుంపు ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయింది. నిలబెట్టింది గుంపు, మెచ్చుకున్నది మనసుని! మీటింగు వద్దనే పెద్దమనుషులు అదే మీటింగుకు నల్లబట్టలు కడితే దండం పెడతారు.

ఈ మీటింగులు పెట్టే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1935 మేలో బిల్ విల్సన్ అనే ఆయన అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో, వ్యాపారం బెడిసికొట్టి, హోటల్లో నిలబడ్డాడు. అప్పటికే మానేసి అయిదు నెలలైంది. ఒకపక్క బారు పిలుస్తోంది. మనసుని నమ్ముకోలేదాయన. చర్చిలకు ఫోన్లు చేసి, మాట్లాడ్డానికి ఇంకో తాగుబోతు కావాలని వెతికాడు. దొరికింది డాక్టర్ బాబ్. పావుగంట కూర్చుందామని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన చివరిసారి తాగింది అదే ఏడాది జూన్ 10న. ఆ తేదీనే సంస్థ పుట్టినరోజుగా లెక్కేస్తారు.

ఇంకో మాట. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు, పెదనాన్న సలహా విని ఒక్కరోజులో ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే మొదట డాక్టరు. మీటింగు ఆ తర్వాతి రోజులకి.

సరే, మీటింగు ఎక్కడ? ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. తెలంగాణలో వైన్ షాపులు 2,620. కలెక్టర్ల సమక్షంలో లాటరీ తీసి మరీ పంచుతారు. బోర్డు మైలు దూరానికి వెలుగుతుంది. అది చాలక ఊరూరా బెల్టుషాపు. మా బావకు మీటింగు గది కనుక్కోవడానికి పదకొండు రోజులు పట్టింది. చివరికి ఒక చర్చి వెనక గది, మెట్ల కింద, బోర్డు లేదు. "మతం మారుస్తారేమో" అని మా అత్త ఒక పూట ఏడ్చింది. వాళ్లు గది వాడుకుంటారంతే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, దేవుడి సంగతి ఎవరిష్టం వాళ్లది. తాగుడు మానాలనే కోరిక ఒక్కటుంటే చాలు. అక్కడివాళ్లతో నాకూ ఒక తగువుంది: ప్రచారం చేసుకోకూడదని వాళ్ల నియమం. బాగానే ఉంది, మరి వెతుక్కునేవాడి గతేంటి?

మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. మిగతా 37 మందికీ మనసు లేదనా మన లెక్క?

ఏం చెయ్యాలంటారా? ప్రతి వైన్ షాపు గోడ మీదా, దగ్గర్లో మీటింగు ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడో రాయించండి. ఎవరు రాయించాలో, ఎవరు ఒప్పుకుంటారో నన్నడక్కండి. పెయింటు డబ్బా నేను కొనిస్తాను. అందాకా తాగుడు మానాలనుకునేవాళ్లకి 14446 అనే టోల్ ఫ్రీ నంబరు ఉంది, చేసి చూడండి.

బావ మంగళవారం, శుక్రవారం వెళ్తున్నాడు. కుర్చీలు వేసే పని ఆయనకే అప్పజెప్పారు. పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి మాత్రం అక్కే ఒక్కర్తీ వస్తోంది.