చిహ్నాల తిరకాసు

పాలేరు అంటే పాల ఏరా, పొలంలో పనివాడా? విరుపులో ఉంది మర్మం. ఇలాంటి చిక్కే అమెరికాలో ఒక కంప్యూటరు భాషకూ వచ్చింది.

బెల్ ప్రయోగశాలలో 1972 ప్రాంతాన డెనిస్ రిచీ మలచిన ‘సి’ భాష అది. తొలినాళ్ళలో, ఉన్న సంఖ్యలోంచి పది తగ్గించాలంటే ముందు సమాన చిహ్నం, వెంటనే తీసివేత చిహ్నం, ఆపైన పది వ్రాసేవారు. ‘విలువ మైనస్ పది’ అనడానికీ, మధ్య జాగా వదలకపోతే, అదే వరుస! నూరున్నచోట మైనస్ పది వేయమంటే, యంత్రం మారుమాట్లాడక తొంభై చేసి కూర్చునేది. మన ఇంటి పద్దుల్లో ఇలా జరిగితే?

అంతకు ముందటి ‘బి’ భాషలో యంత్రం చదువుకోవడానికి సులువని పెట్టిన వరుస అది. మనిషి సంగతో? 1976లో చిహ్నాలు తిరగేశారు, తీసివేత ముందుకొచ్చింది. పాత ప్రోగ్రాములు మూలపడకుండా కొన్ని కంపైలర్లు మాత్రం మరికొన్నాళ్ళు రెండు వరుసలూ ఒప్పుకున్నాయి.