కోటలను చూచుట ఎట్లు?

ప్రతి సంవత్సరము మన కళాశాల సంచికలో విజ్ఞాన యాత్రను గూర్చి ఒక వ్యాసము ఉండుట ఆనవాయితీ. రైలు ఎన్ని గంటలకు కదిలినది, ఏ ఊరిలో బస దొరికినది, ఏ వీథిలో ఏ మిఠాయి తిన్నది, ఎవరి చెప్పులు ఎక్కడ పోయినవి, ఇవన్నీ అందులో ఉంటాయి. మేము కూడ ఈ సంవత్సరము ఉత్తరదేశపు కోటలను చూచి వచ్చాము. చెప్పులు మా వారివి కూడ పోయినవి. కాని ఆ విశేషములు వ్రాయుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. ఆరు దినములలో ఐదు కోటలు, మూడు రాజప్రాసాదములు చుట్టి వచ్చిన పిదప, మనము కోటలను చూచే పద్ధతిలోనే ఏదో లోపము ఉన్నదని మాకు అనిపించినది. ఆ మాట నలుగురి ముందు పెట్టదలచాము.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి మొదట గ్వాలియర్‌లో దిగాము. అక్కడి కోటలో పదిహేనవ శతాబ్ది చివర రాజ్యమునకు వచ్చిన మాన్‌సింగ్ తోమర్ కట్టించిన మాన్‌మందిరము, దాని గోడల మీది నీలి పలకల బాతులు, ఏనుగులు, అరటిచెట్లు చూచి అందరూ ముగ్ధులయ్యారు. ఫోటోలు తీసుకొనుటకు గంట పట్టినది. కాని వాహనములు పడమటి వైపు ఉర్వాహీ ద్వారము నుండి ఎక్కుతాయి గనుక, తూర్పు వైపు నడకదారిలో ఉన్న ఒక చిన్న గుడిని చూడకుండానే యాత్రికులు తిరిగి పోతున్నారు. అది కొండరాతిలో తొలిచిన చతుర్భుజాలయము. క్రీ.శ. 876 నాటి శాసనము దానిలో ఉన్నది. 270 మూరల పొడవు, 187 మూరల వెడల్పు గల పూలతోట భూమిని ఇచ్చినట్లును, దినమునకు 50 పూలమాలలు గుడికి చెల్లవలెననియు అందులో వ్రాసి ఉన్నది. ఆ 270లోని సున్న, 50లోని సున్న నేడు మనము వ్రాసే సున్నల వలెనే గుండ్రముగా ఉన్నవి. తేదీ తెలిసిన మన దేశపు శాసనములలో సున్న ఇంత స్పష్టముగా కనబడే అతి పాతవానిలో ఇది ఒకటి. ప్రపంచపు గణితశాస్త్రజ్ఞులు చూడవచ్చే ఆ గోడ ముందు, మేము వెళ్ళిన ఉదయము మరొక యాత్రికుడు లేడు. మా గణితశాఖ విద్యార్థులు కూడ మొదట రామన్నారు. 'మెట్లు ఎన్ని సార్?' అని అడిగి, సమాధానము విని, నిట్టూర్చి, పిదప బయలుదేరారు. రాజు పేరు లేని చోటికి నడచి పోవుటకు మన కాళ్ళు ఒప్పుకొనవు.

ఆగ్రాలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పక తప్పదు. మా విద్యార్థులలో కొందరు తమలో తాము ఉర్దూలో మాట్లాడుకొనుట విని, టిక్కెట్ల వరుసలో వెనుక నిలుచున్న పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ, 'మీకు టిక్కెట్టు ఎందుకు? ఇది మీ తాతల ఇల్లే కదా' అన్నాడు. ద్వేషముతో అన్న మాట కాదు. పరిహాసమునకే అన్నాడు. కాని మా పిల్లల ముఖములు చిన్నబోయినవి. వారిలో ఒకడు తేరుకొని, 'మా తాతకు కోట లేదండీ, గుంటమగ్గము ఒకటి ఉండేది' అని బదులు చెప్పాడు. పెద్దమనిషి కూడ నవ్వేశాడు. సంగతి అంతటితో ముగిసినది.

అది మా మనసులో మాత్రము ముగియలేదు. అంతకు రెండు దినముల ముందు గ్వాలియర్‌లో ఇంకొక బృందము వారు మాలోని వేరొక విద్యార్థిని 'ఇది మీ రాజుల కోట' అని అభినందించారు. ఆ పిల్లవాని తండ్రి తాండూరు నాపరాళ్ళ గనిలో కూలి. ఒకనికి అవమానముగాను, మరొకనికి అభినందనగాను ఇవ్వబడిన ఈ వారసత్వము ఇద్దరికీ చెందినది కాదు. కోటలో ఉండిన వారు వేరు. ఆ గోడ ఎవరిదని అడిగితే, రాయి మోసిన వానిదని చెప్పుటకు చరిత్రలో ఆధారము ఉన్నది. రక్తసంబంధము చెప్పుటకు మాత్రము ఆధారము లేదు. రాజుల జయాపజయములను నేటి పిల్లల నెత్తిన రుద్దుట ఎవరు చేసినను తప్పే.

ఇక మార్గదర్శకుల కథలు. ఆగ్రా కోటను అక్బరు 1565లో ప్రారంభించి ఎర్రరాతితో తిరిగి కట్టించాడు. 1658 నుండి 1666లో మరణించు వరకు షాజహాను అందులోనే బందీగా ఉన్నాడు. ముసమ్మన్ బురుజులో నిలబడి దూరమున తాజ్‌మహలును చూపిస్తూ, దానిని కట్టిన శిల్పుల చేతులను చక్రవర్తి నరికించినాడని మా మార్గదర్శకుడు గద్గదస్వరముతో చెప్పాడు. ఈ కథకు ఆ కాలపు వ్రాతలలో ఆధారము ఏమియు లేదు. పైగా తాజ్ పని నడుస్తూ ఉండగనే 1639లో ఢిల్లీలో ఎర్రకోటకు పునాది పడినది. ఆ పని అప్పగింపబడిన వాడు తాజ్ నిర్మాణముతో పేరు ముడిపడి ఉన్న ఉస్తాద్ అహ్మద్ లాహోరీయే. చేతులు నరికించుకొన్న వారిని మరల పనిలో పెట్టుకొన్న రాజు ఎక్కడైనా ఉన్నాడా? మేము ఈ ప్రశ్న అడిగితే ఆయన నొచ్చుకొని, 'అందరికీ ఇదే చెబుతాము, అందరూ వింటారు' అన్నాడు. ఆయనను తప్పు పట్టి ప్రయోజనము లేదు. వినేవారు ఏది కోరుతారో అదే అమ్ముడుపోవును. చేతులు నరికిన కథకు కన్నీరు వచ్చును గాని, ఆ చేతులకు దినకూలి ఎంత ముట్టినదని అడుగుటకు ఎవరికీ తోచదు.

అదే కోటలో దివానే ఆమ్ ఎదుట ఒక తెల్లదొర సమాధి ఉన్నది. 1857 తిరుగుబాటు నాళ్ళలో కోటలో తలదాచుకొని అక్కడనే మరణించిన లెఫ్టినెంట్ గవర్నరు జాన్ రస్సెల్ కాల్విన్‌ది అది. మొగలు చక్రవర్తి ప్రజల మొర వినుటకు కూర్చుండిన మండపము ముందు ఆంగ్లేయ అధికారి సమాధి! చరిత్ర అంతా అక్కడ మలుపు తిరిగినట్లున్నది. మార్గదర్శకుడు దానిని దాటి పోయాడు. అడుగగా 'అది ఏమీ కాదు' అన్నాడు.

ఫతేపూర్ సిక్రీలో మాకు అనుకోని గురువు దొరికాడు. పైన చెప్పిన తాండూరు పిల్లవాడే. అక్బరు 1571 ప్రాంతమున ఈ నగరమును కట్టింప మొదలిడి 1585లో విడిచి లాహోరుకు తరలిపోయాడు. పట్టుమని పదునాలుగు సంవత్సరములు. నీరు చాలక విడిచిపోయినాడని మార్గదర్శకులు చెబుతారు. 1582లో అక్కడి చెరువుకట్ట తెగిన మాట నిజమే. అయితే 1585లో కాబూలు వైపు కల్లోలము పుట్టుట వలన చక్రవర్తి వాయవ్య సరిహద్దునకు పోవలసివచ్చినదని చరిత్రకారులు చెప్పుదురు. ఇక 'జోధాబాయి మహలు' అని చూపించే అంతఃపురము పేరు తరువాతి వారు పెట్టినదే. అక్బరు పెండ్లాడిన అంబర్ రాజు భార్మల్ కుమార్తెకు మరియమ్-ఉజ్-జమానీ అను బిరుదు ఉండినది గాని, జోధాబాయి అను పేరు ఆనాటి గ్రంథములలో ఆమెకు కనబడదు. సినిమా వచ్చిన పిదప ఇక ఆ పేరును మార్చుట ఎవరి తరమును కాదు.

అందరూ ఆ మహలులో ఫోటోలు దిగుతూ ఉండగా, మన తాండూరు విద్యార్థి ఒక గోడ దగ్గర వంగి రాతిని వ్రేలితో తడుముతున్నాడు. రాతి మీద ఉలితో గీసిన చిన్న చిన్న గుర్తులు ఉన్నవి: ఒక చోట బాణము, ఒక చోట చుక్క వంటిది. 'సార్, మా నాయన కూడ బండలు పేర్చినాక ఇట్లనే గుర్తు పెడతాడు, లేకుంటే సాయంత్రం లెక్క కాడ తగాదా అయితది' అన్నాడు. మొగలు కట్టడముల రాళ్ళ మీద రాతిపనివారి గుర్తులు ఉన్నట్లు పండితులు గుర్తించారు. పండితులు పుస్తకములో వ్రాసినది వీడు తండ్రి చేతిలో చూచాడు. అంతటితో ఆగక, ఆ ఎర్ర ఇసుకరాయి కూడ నాపరాయి వలె పొరలు పొరలుగా విడిపోవుననియు, అందుకే దానిని కొయ్య దూలముల వలె, పలకల వలె కోసి పేర్చుట సాధ్యమైనదనియు విప్పి చెప్పాడు. ఆ నగరమున ఉండిన జెసూట్ మతాచార్యుడు మొన్సెరాటే, పనిముట్ల చప్పుడు కాకుండ రాళ్ళను వేరొకచోట కొలతల ప్రకారము చెక్కి తెచ్చి అమర్చేవారని వ్రాశాడు. ఒక్కొక్కప్పుడు అక్బరు తానే పనివారితో కలిసి రాయి కొట్టేవాడని కూడ వ్రాశాడు. ఆ మాట చెప్పగానే మన వాడు నవ్వి, 'సరదాకు కొడితే బాగనే ఉంటది సార్' అన్నాడు. ఇంతకంటె మంచి వ్యాఖ్యానము మేము ఏ గ్రంథములోను చదువలేదు.

అక్కడనుండి హాథీపోల్ వైపు దిగి, నీరు ఎక్కించిన ఏర్పాట్లు చూచాము. పెద్ద దిగుడుబావి, ఎద్దులు త్రిప్పే కుండల చక్రములు ఉండిన తావులు, ఒక మెట్టు నుండి పై మెట్టుకు నీరు చేరిన కాలువలు. గోల్కొండను చూచిన వారికి ఇది కొత్త కాదు. అక్కడ కూడ చక్రములతో అంచెలంచెలుగా బాలా హిస్సారు పైకి నీరు తెచ్చి మట్టిగొట్టములలో పారించారు. కాని మనము గోల్కొండ పోయి ద్వారము దగ్గర చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని విని, తృప్తిపడి వచ్చాము. ఎద్దును తోలిన వాని తావు ఎక్కడ అని అడుగలేదు.

జయపురమున గూర్చి ఎక్కువ వ్రాయము. అంబర్ శీశ్‌మహలు, హవామహలు 953 కిటికీలు అందరూ ఎరిగినవే. నగర ప్రాసాదములో మాత్రము రెండు వెండి గంగాళములు మమ్ములను నిలబెట్టినవి. ఒక్కొక్కటి 345 కిలోల బరువు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు లండను పోతూ మహారాజా రెండవ సవాయి మాధోసింగ్ వీటిలో గంగాజలము తీసుకొని పోయాడు. సముద్రము దాటినను ఆచారము తప్పని నిష్ఠ అని మార్గదర్శకుడు కొనియాడాడు. అంతకు రెండేళ్ళకు ముందు, 1899-1900లో, రాజపుత్రస్థానమంతటా ఘోరమైన కరవు. విక్రమ శకము 1956లో వచ్చినందున 'ఛప్పనియా' అని నేటికీ అక్కడి ముసలివారి నోట వినబడే కరవు అది. ఆ మాట ఏ పలక మీదను లేదు. మహారాజు ఒక్కడే దోషి అని మేము అనుట లేదు. అదే రాజ్యములో స్వింటన్ జాకబ్ అను ఇంజనీరు కొలువులో ఉండి నీటిపారుదల పనులు చేయించాడు. జోధ్‌పూర్‌లో 1929లో ఆరంభమైన ఉమేద్ భవనము కరవు కూలీలకు పని కల్పించుటకే కట్టినదని చెప్పుకొందురు. అయినను గంగాళము పక్కన నిలబడినప్పుడు, ఊరిలో నీటికడవ సంగతి కూడ ఒక వాక్యములో చెప్పుట న్యాయము.

ఢిల్లీ ఎర్రకోటకు చివర వెళ్ళాము. పాలరాతి మండపముల నడుమ మొరటుగా నిలిచిన బ్యారక్‌లు కోట అందమును చెడగొట్టినవని అందరూ విసుగుకొన్నారు. మాకు అవియే ముఖ్యమని తోచినది. 1857 తరువాత ఆంగ్లేయులు లోపలి కట్టడములలో చాలా భాగమును పడగొట్టి వీనిని కట్టారు. 1858 జనవరిలో దివానే ఖాసులోనే, ఎనభై దాటిన బహదూర్ షా జఫరును నేరస్థునిగా నిలబెట్టి విచారించారు. ఉర్దూ కవిత్వమున ఆయన స్థానము మన ఉర్దూ విభాగము వారికి చెప్పనక్కరలేదు. 1862లో ఆయన రంగూనులో మరణించాడు. మరల 1945 నవంబరులో ఇదే కోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ ముగ్గురూ ఒకే బోనులో నిలిచారు. ఆ ఫౌజు పలికిన 'జై హింద్' నినాదము మన హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ సఫ్రానీ రూపొందించినదని ప్రసిద్ధి. 2003 డిసెంబరు వరకు కోటలో సైన్యము ఉండినది. 2019లో కొన్ని బ్యారక్‌లను మ్యూజియములుగా తెరిచారు. మా బృందములో సగము మంది ఎండకు తాళలేక వాని నీడలో కూర్చున్నారు గాని లోపలికి పోలేదు. తప్పు వారిది కాదు. మధ్యాహ్నము మూడు గంటలకు బస్సు అని మేమే చెప్పి ఉంటిమి.

కనుక మా అభిప్రాయము ఇది. ఆరు దినములలో ఎనిమిది చోట్లు చూచుట మానవలెను. ఒక కోటకు రెండు దినములు కేటాయించవలెను. మొదటి దినము మార్గదర్శకుడు లేకుండ నీరు ఎక్కడనుండి వచ్చినది, వంట ఎక్కడ జరిగినది, రాయి ఎక్కడనుండి తెచ్చినది, పనివారు ఎక్కడ పడుకొనినది వెదుకవలెను. దొరకకపోతే దొరకలేదని వ్రాయవలెను. రెండవ దినము రాజుల కథలు వినవచ్చును. ఖర్చు కూడ తగ్గును. మా లెక్కలలో ఈ పర్యాయము సగము సొమ్ము బస్సులకే పోయినది.

వచ్చే సంవత్సరము ఉత్తరదేశమునకు పోవుటకు ముందు, దసరా సెలవులలో గోల్కొండలో రెండు దినములు ఈ పద్ధతి పరీక్షించి చూడదలచాము. రాదలచినవారు చరిత్ర శాఖలో పేర్లు ఇవ్వవచ్చును. కొలత టేపు ఒకటి, నోటు పుస్తకము ఒకటి ఎవరివి వారే తెచ్చుకొనవలెను. ద్వారము దగ్గర చప్పట్లు ఒక్కసారి మాత్రమే అనుమతించబడును.