మీకు ఈజీ ట్రెక్, మాకు డోలీ దారి



అంబాజీపేట, అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి ఈ పేజీ చదివే అన్నలకి, అక్కలకి, నాతో డిగ్రీ చదివిన స్నేహితులకి ఈ నాలుగు మాటలు. కొంచెం ఘాటుగానే ఉంటాయి. అయినా చివరిదాకా చదవండి.

డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. "ఒరేయ్, ఆదివారం గుడిస వస్తున్నాం, ఈజీ ట్రెక్కేనంట కదా, పిల్లల్ని తీసుకురావచ్చా?" అని ఒకడు. "వంజంగి మేఘాలు ఏ టైముకి వస్తాయి?" అని ఇంకొకడు. మేఘాలకి టైం టేబుల్ ఉన్నట్టు! రీల్స్ తెరిస్తే అవే పేర్లు. మారేడుమిల్లి, గుడిస, వంజంగి, లంబసింగి. "గంటలో ఎక్కేయొచ్చు, కష్టం లేదు, వ్యూ అదిరిపోద్ది."

రావడం తప్పని నేను అనడం లేదు. కోనసీమలో కాలవ ఉంది, వరి ఉంది, కొబ్బరి ఉంది, కొండ లేదు. రావులపాలెం, రాజమండ్రి, గోకవరం దాటి రంపచోడవరం ఘాట్ ఎక్కుతుంటే చల్లగాలి ముఖానికి తగిలితే ఎవరికైనా బాగుంటుంది. నేను మొదటిసారి మీ వైపు వచ్చినప్పుడు కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లని అలాగే నోరు తెరుచుకుని చూశాను. అసలు 2022 ఏప్రిల్ 4 దాకా అంబాజీపేట, మారేడుమిల్లి ఒకే తూర్పు గోదావరి జిల్లా. మనం పరాయివాళ్లం కాదు. అందుకే అడుగుతున్నాను.

మీరు "ఈజీ" అంటున్న ఆ దారి ఎవరిది?

టూరిజం వాళ్లు వేసింది కాదు. మా తాతలు పోడు చేనుకి, ఊటకి, సంతకి నడిచి నడిచి గట్టిపడిన నేల అది. మీరు షూ వేసుకుని ఎక్కే దారిలో మా అమ్మ తల మీద కట్టెల మోపుతో దిగుతుంది. ఆ దారిలోనే డోలీ కూడా దిగుతుంది. డోలీ తెలుసా? ఒక కర్రకి దుప్పటి కట్టి, అందులో నొప్పులు పడుతున్న ఆడమనిషిని పడుకోబెట్టి, నలుగురు మగాళ్లు భుజాలు మార్చుకుంటూ అంబులెన్స్ ఆగే చోటుదాకా మోయడం.

రెండేళ్ల క్రితం డిసెంబర్‌లో మా పెదనాన్న కూతుర్ని అలాగే మోశాం. ఇంకా తెల్లారలేదు. ఎదురుగా సూర్యోదయం చూడ్డానికి ఒక గుంపు ఎక్కి వస్తోంది. చేతుల్లో టార్చిలు, స్పీకర్లో పాట. కొందరు పక్కకి తప్పుకున్నారు. ఒకబ్బాయి మా వెనకాలే వచ్చి కర్ర అందుకుని కాస్త దూరం మోశాడు, అతన్ని మర్చిపోను. ఇంకొకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. అక్క దుప్పటితో ముఖం కప్పుకుంది. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. కానీ ఆ దుప్పటి ముఖం మీదికి లాక్కున్న చెయ్యి నాకింకా కనపడుతూనే ఉంది.

దారి అదే. మీకు సరదా, మాకు గండం. "ఈజీ" అని రాసినవాడికి ఈ రెండో సంగతి తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చెయ్యలేదు.

రోడ్డు వేస్తే మీకే మంచిది కదా అంటారు. నిజమే, మేం అడుగుతున్నది అదే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, మంచినీటి పైపులు, రోడ్డు, ఇలా 13 రకాల సౌకర్యాలకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి గ్రామసభ సిఫార్సుతో ఇవ్వొచ్చు. ఆ 13లో రిసార్ట్ లేదు, గ్లాస్ బ్రిడ్జి లేదు, వ్యూ పాయింట్ లేదు. అయినా ఏజెన్సీ అభివృద్ధి అనగానే నాయకుల నోట ముందు వచ్చేవి అవే. డోలీ చివర్న వస్తుంది.

రోడ్డు అంటే మాకు ఒక చరిత్ర కూడా ఉంది. మీరు మంచు చూడ్డానికి కారులో వెళ్లే లంబసింగి వైపు ఘాట్ రోడ్డు పనిలో, బ్రిటిష్ కాలంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మా వాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించాడు. చాలీచాలని కూలీ ఇచ్చాడు. పోడు మీద ఆంక్షలు, ఆ పైన ఈ వెట్టి. ఆ మంటే 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల దాకా వెళ్లింది. అల్లూరి సీతారామరాజు విగ్రహం దగ్గర సెల్ఫీ దిగేవాళ్లకి ఆయన వెనక నడిచినవాళ్లు ఏ కోపంతో నడిచారో తెలియాలి. ఆ మనుషుల మనవలే మీకు టీ ఇచ్చేది, బొంగులో చికెన్ కాల్చేది.

ఇక "మీకు ఆదాయం వస్తోంది కదా" అనే మాట. వస్తోంది, కాదనను. బొంగు చికెన్ బండి పెట్టుకున్న తమ్ముళ్లు ఉన్నారు, గైడ్లుగా తిరిగే కుర్రాళ్లు ఉన్నారు. 2021లో పుష్ప వచ్చాక మారేడుమిల్లికి జనం ఇంకా పెరిగారు. కానీ లెక్క మొత్తం చూడండి. చలికాలం నాలుగు నెలల్లో బండి మాది, గది వాడిది. బొంగు మాది, బిల్లు వాడిది. కాగితం మీద మా వాడి పేరు, వెనక పెట్టుబడి మైదానం సేటుది. దీన్ని బినామీ అంటారు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో గట్టిచేసింది, అంటే మనం 1/70 అని పిలిచే చట్టం వచ్చింది ఇలాంటివి ఆపడానికే. 1997 జులై 11న సమత తీర్పులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. షెడ్యూల్డ్ ఏరియా భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వడానికి ప్రభుత్వానికి కూడా అధికారం లేదని.

అలాంటి చట్టం మీదే టూరిజం పేరుతో చెయ్యి వెయ్యాలని చూశారు. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సమావేశంలో అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారే 1/70 సవరణ మాట ఎత్తారు. ఫిబ్రవరిలో ఏజెన్సీ బంద్ అయింది. ముఖ్యమంత్రి ఆ చట్టాన్ని మార్చే ఆలోచన లేదని చెప్పాల్సి వచ్చింది. బంద్ రోజు రూము బుకింగ్ పోయిందని కొంతమంది తిట్టుకున్నారు. మీ రూము ఒక్కరోజు పోయింది. మేం గెలవకపోతే మా నేల ఎప్పటికీ పోయేది.

ఇప్పుడు మీ ఊరి సంగతే తీసుకుందాం.

కనుమ రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ల రుద్రులు అక్కడ కలుస్తారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం అదే. గంగలకుర్రు ప్రభలు భుజాల మీద కౌశిక దాటి, పచ్చని చేలల్లోంచి వెళ్తాయి. పైరు తొక్కుడు పడుతుంది. అయినా ఆ రైతు బాధపడడు, మా చేలోంచి స్వామి వెళ్లాడని మురిసిపోతాడు. ఎందుకు? స్వామి వాళ్ల వాడు, చేను వాళ్లది, ఒప్పుకున్నది వాళ్లు.

అదే చేలోకి రేపు ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు ఇరవైమంది వచ్చి, టెంట్ వేసి, చలిమంట పెట్టి, సీసాలు పగలగొట్టి, "వ్యూ బాగుందండీ" అని వెళ్లిపోతే మీ రైతు ఊరుకుంటాడా? ఆయ్, ఊరుకోడు! కర్ర పట్టుకుంటాడు. అప్పుడు ఆయన్ని మీరు అభివృద్ధి నిరోధకుడు అంటారా?

మరి మమ్మల్ని ఎందుకు అంటున్నారు? పాడేరు, అరకు వైపు వలిసె పూలు మీకు ఫొటో, ఆ రైతుకి అది నూనెగింజల పంట. గుడిస గడ్డి మీకు బ్యాక్‌గ్రౌండ్, మాకు పశువుల మేత. ఎండిన గడ్డిలో మీరు ఆర్పకుండా వదిలిన ఒక్క నిప్పు చాలు. మీరు వదిలిన కవర్ ఆవు పొట్టలోకి వెళ్తుంది. ప్రభ వెళ్లినా, టూరిస్టు వెళ్లినా తొక్కుడు తొక్కుడే. తేడా ఒక్కటే, అడగడం.

అందుకని మా డిమాండ్లు ఇవి. ప్రభుత్వానికి చెప్తున్నాం, మీకూ చెప్తున్నాం.

ఒకటి. ఏ కొండ ఎక్కాలన్నా, ఎంతమంది ఎక్కాలన్నా, ఏ నెలలో మూసెయ్యాలన్నా నిర్ణయం గ్రామసభది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 సామూహిక అడవిలోకి రాకపోకల్ని నియంత్రించే అధికారం గ్రామసభకి ఇచ్చింది. 1996 పెసా చట్టం ఉంది. కొత్త జీవో అక్కర్లేదు, ఉన్నవి అమలు చెయ్యండి.

రెండు. టికెట్ వసూలు చేస్తే ఆ డబ్బు గ్రామసభ ఖాతాలోకి రావాలి, లెక్క ఊళ్లో చదవాలి.

మూడు. గైడు, వంట, బస అన్నీ ఆ ఊరి ఆదివాసీలవే. పేరుకి కాదు, నిజంగా. బినామీ రిసార్టుల మీద 1/70 కింద కేసులు పెట్టాలి.

నాలుగు. వ్యూ పాయింట్ రోడ్డు కంటే ముందు డోలీ ఊరికి రోడ్డు.

మీ వంతుగా చెయ్యగలిగింది చాలా చిన్నది. వచ్చేముందు ఆ స్థలం ఎవరిదో అడగండి. ఊరివాళ్ల ఇంట్లో తినండి, డబ్బు వాళ్ల చేతికి ఇవ్వండి. మంట పెట్టొద్దు. తెచ్చిన చెత్త తిరిగి రాజమండ్రికి మోసుకెళ్లండి. మా ముసలమ్మ ముఖం మీద కెమెరా పెట్టేముందు ఆమె పేరు అడగండి. డోలీ ఎదురైతే ఫోన్ జేబులో పెట్టి భుజం ఇవ్వండి.

ఈ కనుమకి నేను జగ్గన్నతోట వస్తున్నా. మీ చేల గట్టు మీదే నిలబడతా, మీరు రమ్మంటేనే లోపలికి దిగుతా. మీరు మా కొండకి వచ్చినప్పుడు అంతే చెయ్యండి.

మా ఊళ్లో మా రాజ్యం!
జై ఆదివాసీ!